శనివారం మధ్యాహ్నం ఫోన్ చేసిన పెద్దామె

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు, భయమూ లేదు. తమిళనాడులో వేలూరు పక్కన గుడియాత్తం బజారులో మాది లుంగీల అంగడి. ఇరవై ఏళ్ళుగా అందులో కూర్చుంటున్నాను. గాలి సోకిందనీ, దిష్టి తగిలిందనీ చెప్పుకోవడానికి వచ్చే వాళ్ళందరినీ ముందు డాక్టరు దగ్గరికి పొమ్మని తరిమేదాన్ని. ఇది చదివి నన్నూ అలాగే పొమ్మంటే తప్పు పట్టను. మా ఆయనకు తెలుగు మాట్లాడడం వచ్చుగానీ చదవడం రాదు. నేను చిత్తూరు వైపు పుట్టి తెలుగు బడిలో చదివినదాన్ని. కాబట్టి ఇది ఆయన కంట పడినా ఇబ్బంది లేదు.

మాకు ఒక్కతే కూతురు, హేమ. పోయిన ఏడాది వేలూరులో కాలేజీలో చేర్చి హాస్టల్లో పెట్టాము. బస్సెక్కితే గంట ప్రయాణం. అయినా పాప పక్క ఖాళీగా కనిపించిన మొదటి రాత్రి నేను ఏడ్చాను. ఆయన ఏడవలేదని చెప్పుకుంటాడు.

చదువు గురించి మాకు బెంగ లేదు. శనివారం గురించే బెంగంతా. ఆరోజు మధ్యాహ్నం నుంచి ఆరు గంటల దాకా పిల్లలను బయటికి వదులుతారు. యాడికి పోతావే అంటే ఫ్రెండ్స్‌తో అనేది. నివేదిత, స్వాతి అని రెండు పేర్లు చెప్పింది. కోట దగ్గరికి పోతాం, కాఫీ తాగుతాం, వచ్చేస్తాం, అంతే. ఆ నివేదిత ఎవరి బిడ్డ, ఏ ఊరు, వాళ్ళతో మగపిల్లలు కూడా వస్తారా అని మా ఆయన అడిగితే విసుక్కుని ఫోన్ పెట్టేసేది. ఒకసారి ఆయన కోట గేటు దగ్గర దాక్కుని చూసొస్తానని చొక్కా కూడా వేసుకున్నాడు. పాప చూసిందంటే జన్మలో మన ముఖం చూడదని తిట్టి ఆపాను. నేను మాత్రం తక్కువ తిన్నానా? పాప ఫోన్లో పెట్టే ఫోటోలను పెద్దవి చేసి చేసి, మూలల్లో ఎవరి చెయ్యి కనిపిస్తుందా అని వెతికేదాన్ని.

అలాంటి ఒక శనివారం, రెండు రెండున్నర మధ్య, అంగట్లో ఫోన్ మోగింది. మా అంగట్లో పాత ల్యాండ్‌లైన్ ఇంకా ఉంది. పరదరామి వైపు పల్లెల నుంచి సరుకు కావలసినవాళ్ళు దానికే చేస్తారు. ఎవరు చేస్తున్నారో అందులో కనిపించదు. ఎత్తితే ఒక ముసలామె గొంతు.

"నేనేమ్మా. పాపని ఇప్పుడే చూసినా. పెరుగన్నం తినింది. ఊరగాయ ముట్టలా. బాగుండాది, నువ్వు బెంగ పడొద్దు. నువ్వు తింటివా?"

తిన్నానన్నాను. "వాడు బాగుండాడా?" అని మా ఆయన గురించి అడిగి పెట్టేసింది.

మీరెవరని నేను అడగలేదు. చదివేవాళ్ళకు వింతగా ఉంటుంది గానీ, మాలో ఎవరూ అడగరు. పెద్దవాళ్ళు "నేనే" అంటారు. గొంతు గుర్తు పట్టలేకపోతే తప్పు మనది. బాగుండారా అని మాట కలిపి, తర్వాత ఎవరో తేల్చుకుంటాము. అందులోనూ చుట్టూ అరవం ఉన్న ఊళ్ళో మన తెలుగు మాట్లాడిందంటే మనవాళ్ళే అయి ఉంటారు. మా ఆయన్ని వాడు అన్నదంటే ఆయన వైపు పెద్దామే, ఆర్కాడు మేనత్తల్లో ఎవరో వేలూరులో ఉంటున్నారు కాబోలు అనుకున్నాను. సాయంత్రం ఆయనతో, పెద్దామె ఫోన్ చేసింది, పాప బాగుండాదంట అని మాత్రం చెప్పాను. ఆయన తల ఊపాడు.

తర్వాత ప్రతి శనివారం అదే వేళకు ఫోన్ వచ్చేది. ఒకరోజు పాప పచ్చ చుడీదారు వేసుకుందని చెప్పింది. ఇంకోరోజు చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకుని నడిచిందని చెప్పింది. నేను ఇంటికి భోజనానికి పోయిన రెండుసార్లు ఆయనే ఎత్తాడు. చివర ఎప్పుడూ ఒకటే మాట, నువ్వు తింటివా అని. తిన్నాను అనేదాన్ని.

మాకు ఎంత నిమ్మళం అయిందో చెప్పలేను. మనవాళ్ళ కళ్ళు పాప మీద ఉన్నాయి కదా అని ఫోటోలు వెతకడం మానేశాను. ఆయన కోట మాట ఎత్తలేదు. ఆదివారాలు పోయి చూసి వచ్చేవాళ్ళం, అదీ తగ్గిపోయింది. ఈ సంగతి రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

మూడు నెలలు అలా గడిచాక ఒక శనివారం ఫోన్ పన్నెండు గంటలకే మోగింది.

"పాప ఈరోజు బయటికి రాలా. మంచంలోనే ఉండాది. అంగడి మూసేసి ఇద్దరూ పొండమ్మా."

నేను మాట్లాడేలోపే పెట్టేసింది. ఆరోజు తింటివా అని అడగలేదు. అందుకే ముందు పాపకే ఫోన్ చేశాను.

హేమ ఫోన్ ఆగిపోయి ఉంది. వార్డెన్‌కు చేస్తే, ప్రతి శనివారం లాగే ఫ్రెండ్స్‌తో పోయి ఉంటుందమ్మా అన్నది. మేము షట్టరు దించి బస్సెక్కాము. హాస్టల్లో రెండో అంతస్తు గది గడియ కూడా వేసి లేదు. తోడున్న ఇద్దరు పిల్లలు గురువారమే ఊళ్ళకు పోయారు. పాప గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. నన్ను చూసి గుర్తు పట్టడానికి కాసేపు పట్టింది. రెండు రోజులుగా ఏమీ తినలేదు, మంచినీళ్ళ సీసా ఖాళీగా దొర్లుతోంది. ఆస్పత్రిలో డెంగూ అన్నారు. ఇంకో రోజు ఆలస్యమై ఉంటే మా చేతుల్లో ఉండేది కాదని డాక్టరు మా ముఖం మీదే చెప్పాడు.

మూడో రోజు కాస్త తేరుకుంది. వరండాలో కూర్చుని ఉన్నప్పుడు నేను మా ఆయనతో అన్నాను, మీ అత్తకు ఫోన్ చేసి ఒక మాట చెప్పండి, ఆ తల్లి పుణ్యమే ఇదంతా అని.

ఆయన నా వైపు తిరిగాడు. "మా అత్తా? ఆమె మీ వైపామె గదా? అది బాగుండాదా అని నీ గురించే అడిగింది నన్ను."

ఆమె ఎవరో మా ఇద్దరిలో ఎవరికీ తెలియదని అప్పుడు అర్థమైంది.

తర్వాత హేమను మెల్లగా అడిగాను, శనివారాలు నీతో ఉండే పెద్దామె ఎవరని. ఎవరూ లేరంది. ఇంకేమీ అడగకుండానే ఏడుపు మొదలుపెట్టింది.

"నివేదితా లేదు, స్వాతీ లేదమ్మా. నాతో ఎవరూ మాట్లాడరు. మీరు బాధ పడతారని అట్ల చెప్పినా."

తమిళ మీడియంలో చదివిన పిల్ల, క్లాసులో అందరూ ఇంగ్లీషులో నవ్వుకుంటుంటే నోరు విప్పలేకపోయింది. శనివారం కోట ఎదుట ఒక మెస్సులో ఒక్కతే తిని, అగడ్త పక్కన ఒక్కతే కూర్చుని, ఆరు గంటలకు తిరిగి పోయేది. మేమేమో ఎవరెవరితో తిరుగుతుందో అని నిద్ర మానుకున్నాము. పాప ఫోటోలు మళ్ళీ తీసి చూశాను. అన్నిటిలోనూ కాఫీ గ్లాసు ఒక్కటే. అన్నిసార్లు పెద్దవి చేసి చూశాను, అది నా కంటికి ఆనలేదు. పిన్నీసు సంగతి అడిగితే, అది ఎవరికీ చెప్పలేదే, నీకెట్ల తెలుసు అంది.

ఆర్కాడు, ఆంబూరు, చిత్తూరు, పరదరామి, చుట్టాలందరినీ అడిగాము. మా వాళ్ళెవరూ కాదు. టెలిఫోన్ ఆఫీసులో ఆ పాత లైనుకు వచ్చిన ఫోన్ల వివరాలు ఉండవన్నారు. మెస్సులో వడ్డించే ఆయనకు పాప బాగా గుర్తు. మూలలో ఒక్కతే కూర్చుంటుంది, ఊరగాయ వేసుకోదు అన్నాడు. హేమ చేతిలో ఎప్పుడూ మా అంగడి పేరూ నంబరూ ఉన్న పసుపు గుడ్డ సంచి ఉంటుంది. దాన్ని చూసి ఎవరో దయగల ముసలామె చేసి ఉంటుందని మా ఆయన అంటాడు. కావచ్చు. కానీ రెండో అంతస్తు గదిలో మంచం మీద పిల్ల పడి ఉందని ఆమెకెలా తెలిసింది? ఇక్కడికి వచ్చేసరికి ఆయన కూడా లేచి వేరే పని చూసుకుంటాడు.

హేమ అదే కాలేజీలో చదువుతోంది. శనివారాలు మేమే పోతాము, ముగ్గురం కలిసి ఆ మెస్సులోనే తింటాము. పోయిన నెల ఒక పిల్లను తెచ్చి చూపించింది, ఈసారి నిజంగా ఉన్న పిల్లే, పేరు కవిత, గలగలా మాట్లాడుతుంది. నేను ఆ పిల్ల ఊరూ ఇల్లూ ఏమీ ఆరా తీయలేదు. ఇంకో దోసె తినమని మాత్రం బలవంతం చేశాను.

ఆ శనివారం తర్వాత పెద్దామె ఫోన్ మళ్ళీ రాలేదు. ఆ లైను తీసేద్దామంటే నేను ఒప్పుకోలేదు. ఆమె ఎవరో నాకు ఈరోజుకీ తెలియదు, తెలుస్తుందన్న ఆశా పోయింది. నన్ను తినేసేది వేరొకటి. మూడు నెలలు నా బిడ్డ తిండి చెప్పి, నా తిండి అడిగింది. నువ్వు తింటివా అమ్మా అని నేను ఆమెను ఒక్కసారి కూడా అడగలేదు.