కాశిబుగ్గ సరాయిలో నా అలక

కాశిబుగ్గ దగ్గరి పాత సరాయి చరిత్ర చెప్పమని నన్నెవరూ అడగరు. అడగకపోయినా చెప్పడం నా జబ్బు. నిజాం కాలంలో ఎవరో షావుకారు కట్టించాడట. పరకాల నుంచి వచ్చే పత్తి బండ్లు దాని ముందు ఆగేవి. ఎడ్లకు నీళ్లు, మనుషులకు పడుకోవడానికి అరుగులు. బండ్లు పోయి లారీలొచ్చాక బేరం తగ్గింది. సరాయి పెళ్లివారికి విడిదిగా మారింది. ఇప్పుడు రెండు గదుల్లో ఏసీ కూడా పెట్టారు. అరుగులు మాత్రం అవే.

ఇది ఊరి లెక్కలో చరిత్ర. మా ఇంటి లెక్క వేరు. మా తాత పెళ్లికొడుకుగా ఆ సరాయిలోనే దిగి, అలిగి, సైకిల్ సాధించాడు. మా నాన్న అక్కడే అలిగి రేడియో తెచ్చుకున్నాడు. ఆ రేడియో మోగింది తక్కువ, దాని కథ మోగింది ఎక్కువ.

నా వంతు వచ్చేసరికి నేను ఆదర్శవాదిని. కట్నం వద్దు, కానుకలు వద్దు అని పెళ్లిచూపుల్లోనే ఉపన్యాసం దంచాను. కానీ మా విడిది కూడా అదే సరాయి అని తెలిశాక మనసు ఊరుకోలేదు. వస్తువు వద్దు సరే, కాసేపు బతిమిలాడించుకుంటే తప్పేముంది? తాళి కట్టి విడిదికి తిరిగొచ్చాక, భోజనానికి పిలుపు రాగానే "నేను రానని చెప్పు మామా" అని మా మేనమామను పంపి, మంచమెక్కి గోడవైపు తిరిగాను. అలకకు అదే పద్ధతని మా నాన్న నేర్పాడు.

మేనమామ ఆ కబురు మోసుకెళ్లి, బగారన్నంతో పాటు దాన్నీ మింగేశాడు. కాసేపటికి బావమరిది వచ్చి తలుపు సందులోంచి తొంగిచూశాడు.

"బావ పండుకున్నడు. రాత్రంత నిద్ర లేదు పాపం, లేపకుండ్రి" అని వెనకున్న వాళ్లకు చెప్పి, చప్పుడు కాకుండా వెళ్లిపోయాడు. అంత మంచి బావమరిది పగవాడికి కూడా వద్దు.

ఆ తర్వాత ఎవరూ రాలేదు. వీధి అవతలి పందిట్లోంచి మసాలా వాసన ఒక్కటే వచ్చి బతిమిలాడింది. ఆకలితో కడుపు కాలుతోంది. పిలవకుండా వెళ్తే పరువు పోతుంది, వెళ్లకపోతే ప్రాణం పోయేలా ఉంది. మెలకువగానే ఉన్నానని తెలియడానికి గట్టిగా దగ్గాను. గాలి తగులుతోందనుకుని ఎవరో తలుపు మూసిపోయారు.

చివరికి ఆ తలుపు తోసుకుని వచ్చింది పెళ్లికూతురే. నుదుటి బాసికం కూడా ఇంకా విప్పలేదు.

"అలిగినవా?" అంది.

నేను పలకలేదు. పలికితే అలక ఎట్లా అవుతుంది?

ఆమె పక్క మంచం మీద కూలబడి, అటువైపు గోడకు తిరిగింది.

"నిన్నటి సంది ఉపాసమున్న. నువ్వు తినంది నన్ను తిననిస్తలేరు. నిన్ను లేపుదామంటే వద్దంటున్నరు. ఇగ నేను గూడ అలిగిన."

సిగ్గుతో చచ్చిపోయాను. నా ఆకలి తప్ప ఇంకొకరి ఆకలి నాకు తట్టనే లేదు. లేచి కూర్చున్నాను. బతిమిలాడటం మా వంశంలో ఎవరికీ రాదు, అలగడమే వచ్చు. "తప్పయింది, లే" అన్నాను. లేవలేదు.

"సరే, ఏం గావాలెనో చెప్పు."

"అన్నం" అంది, గోడవైపు తిరిగే.

చెప్పులు కూడా తొడుక్కోకుండా వీధి దాటి పందిట్లోకి పరుగెత్తాను.