ఎర్ర అక్షరాలు

బెంగళూరు మడివాళలో బస్సెక్కేసరికి సన్నగా వాన. కిటికీ పక్కన ఒకామె కూర్చుని ఉంటే, ఆమె పక్కన కూర్చున్నాను. ఉద్యోగంలో చైనా యంత్రాల మాన్యువల్స్ చదవడానికి నేను చైనీస్ నేర్చుకుంటున్న రోజులవి. బస్సులోనూ ఒక మాన్యువల్ తెరిచి సగం నిద్రలో పేజీలు తిప్పుతుంటే అక్షరాలు నీళ్లలో కదులుతున్నట్టున్నాయి.

"ఉండప్పా," అందామె. "ఈ ఎర్ర అక్షరాలు మా ఫ్యాక్టరీ మిషిన్ మీదా ఉండాయి. ఏమని రాసుండారు?"

కూడబలుక్కుని చదివాను. "తిరుగుతున్నప్పుడు చెయ్యి పెట్టకూడదని, అక్కా."

ఆమె పేజీ మీదికి వంగింది. "దీంట్లో చెయ్యి ఏది?"

చూపించాను. ఆవిరి పట్టిన అద్దం మీద ఆమె ఆ అక్షరాన్ని మెల్లగా గీసింది. ఆ కుడిచేతికి రెండు వేళ్లు లేవని అప్పుడే చూశాను.

"మూడేండ్లు దినామూ చూస్తినప్పా. ఏదో పువ్వు బొమ్మ అనుకుంటిని," అని నవ్వింది.

తన స్టాప్ రాగానే దిగిపోయింది. అద్దం మీది గీతలు నీళ్లయి జారాయి.

అంతకుముందు హెచ్చరికల పేజీలను చివరికి వదిలేసేవాణ్ణి. ఇప్పుడు ఏ మాన్యువల్ వచ్చినా వాటితోనే మొదలుపెడతాను. ఆ హెచ్చరికలను కన్నడలో, తెలుగులో కూడా రాయించి, యంత్రం మీద అతికించేదాకా ఫ్యాక్టరీవాళ్లను అడుగుతూనే ఉంటాను.