గుంట అంటే గొయ్యి కాదు

నేను ఈత నేర్చుకున్నది మా పొలంలోని నేలబావిలో. బావి ఈత గుండ్రంగా వస్తుంది. ఇంటర్ అయిపోయిన సెలవుల్లో లైఫ్‌గార్డ్ శిక్షణలో చేరితే, మొదటిరోజే ట్రైనర్ సముద్రంలోకి తిన్నగా ఈదమన్నాడు. నేను ఎంతో కష్టపడి ఈది, ఒక చుట్టు తిరిగి, మళ్ళీ ఆయన ముందుకే వచ్చి తేలాను.

ఆ బ్యాచ్‌లో ఆడపిల్లని నేనొక్కదాన్నే. సముద్రం మా ఊరికి ఆటోలో పావుగంటే అయినా, మా మామ్మకి, అంటే నాన్నవాళ్ళమ్మకి, దాని పేరెత్తితే పడదు.

"వరి ఊడ్సుకునేవోలకి సముద్రంతో ఏటే పని? ఆ సర్టిపికెట్టు రాలేదనుకో, నోరు మూసుకొని కుట్టు క్లాసుకి ఎల్తావు," అంది.

సరేనన్నాను. కుట్టు మిషను చూస్తే నాకు ఒళ్ళు మంట.

ట్రైనర్ గుంటూరు వైపు మనిషి. ఒకరోజు మమ్మల్ని ఇసుకలో కూర్చోబెట్టి, "అలల కింద గుంటలుంటాయి. కాలు పడితే లోపలికి లాగేస్తాయి. ఎవరైనా 'గుంట' అని అరిస్తే, మారుమాట లేకుండా అందరూ ఒడ్డుకొచ్చెయ్యాలి," అన్నాడు.

అందరూ నావైపు చూసి పగలబడి నవ్వారు. మా వైపు గుంట అంటే ఆడపిల్ల. ట్రైనర్ లేనప్పుడు బ్యాచ్ మొత్తం నన్ను పిలిచేదే "ఒసే గుంటా" అని. ఆ సంగతి చెబుదామని నేను నోరు తెరిచేలోపు, నవ్వినందుకు అందరితో పాటు నాచేత కూడా ఇరవై బస్కీలు తీయించాడు. నేను నవ్వనే లేదు. ఆ కోపంతో ఇంక చెప్పలేదు.

పరీక్షరోజు మామ్మ కూడా ఆటో ఎక్కింది. నేను పరీక్ష తప్పితే దారిలోనే కుట్టు క్లాసులో చేర్చేసి వెళ్దామని కాబోలు. వేరే ఊరి నుంచి వచ్చిన పరీక్షాధికారి స్టాప్‌వాచ్ పట్టుకుని ఒడ్డున నిలబడ్డాడు. ట్రైనర్ లోపలికి వెళ్ళి మునిగిపోతున్నట్టు నటిస్తాడు, నేను ఆయన్ని టైములోగా ఒడ్డుకు తేవాలి. అదీ పరీక్ష.

విజిల్ పడింది. ఎర్ర ఫ్లోటు తగిలించుకుని దూకాను. ఆయన చేతులు కొట్టుకుంటూ చక్కగా మునుగుతున్నాడు. సగం దూరం వెళ్ళానో లేదో, పెద్ద అల నా నెత్తిమీంచి పోయింది. వెనక మామ్మ గొంతు వినపడింది.

"ఓలమ్మో, గుంట! గుంట ములిగిపోతంది!"

ట్రైనర్ మునగడం మానేశాడు. కిందికి చూసుకుని, నన్ను దాటుకుంటూ నా కంటే రెండింతల వేగంతో ఒడ్డుకు ఈదేశాడు. నేను అక్కడికి వెళ్ళేసరికి కాపాడటానికి ఎవరూ లేరు. స్టాప్‌వాచ్ నడుస్తోంది. కుట్టు మిషను కళ్ళముందు కనపడి ఏడుపొచ్చింది.

వెనక్కి తిరిగి చూస్తే మామ్మ నీళ్ళలో ఉంది. చీర ఎగ్గట్టి రొమ్ములోతు దాకా వచ్చేసింది. నేను చూస్తుండగానే అల ఆమెను పడగొట్టింది.

తిన్నగానే వెళ్ళాలనుకున్నాను. ఈత మాత్రం బావిలో లాగే చుట్టు తిరిగి, మామ్మ వీపు వెనకాల తేల్చింది. మునిగేవాళ్ళని వెనకనుంచే పట్టుకోవాలని నేర్పారు. చంకల కింద చెయ్యేసి, తల పైకెత్తి, నేర్పిన మాటలన్నీ అప్పజెప్పాను.

"నేను లైఫ్‌గార్డ్‌ని. భయపడకండి. నన్ను పట్టుకోకండి."

"నిన్ను పట్టుకోకపోతే ఏటి పట్టుకుంటానే, సముద్రాన్నా?" అని నా జుట్టు పట్టుకుంది.

అలాగే లాక్కొచ్చాను. పరీక్షాధికారి గడియారం చూసి, మనిషి మారినా పద్ధతి మారలేదు కాబట్టి పాసన్నాడు. ట్రైనర్ ఇంకా రొప్పుతూ, "ఇంతకీ గుంట ఎక్కడ?" అని అడిగాడు. బ్యాచ్ మొత్తం నావైపు వేలు చూపించింది.

కుట్టు క్లాసు మాట మళ్ళీ ఇంట్లో రాలేదు. కానీ మా వీధిలో ఈ కథ వేరేలా ప్రచారంలో ఉంది. "మా గుంట ములిగిపోతంటే నానే ఎల్లి తెచ్చినాను," అని మామ్మ అందరికీ చెబుతుంది. గోడకున్న సర్టిఫికెట్టు చూపించి మరీ చెబుతుంది.

మొదట్లో ఉక్రోషమొచ్చి వాదించేదాన్ని. ఇప్పుడు వాదించను. ఈత వచ్చిన ట్రైనర్ గుంట అన్న మాట విని ఒడ్డుకు పారిపోయాడు. ఈత రాని మామ్మ అదే మాట అరుస్తూ నీళ్ళలోకి వచ్చింది.