అత్త వాసన చూసిన పిండి

మా అత్త పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను కుప్పంలో ఆఫీసు మెట్లు ఎక్కుతున్నాను. మదనపల్లెలో ఆమె పక్కింట్లో ఉండే నర్సమ్మ ఫోన్ చేసింది. "పొద్దున పాలు ఇద్దామని పోతే లేయలేదమ్మా. మొగం నిమ్మళంగానే ఉండాది. నువ్వు బయల్దేరు" అంది. నాకు ఏడుపు రాలేదు. రెండేళ్లుగా నేను భయపడుతున్న కబురే అది. అత్త మాత్రం దాని కోసం యాభై ఏళ్లకు పైగా ఎదురు చూసిందన్న సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆమె మా నాన్నకు అక్క. పెళ్లి చేసుకోలేదు. మదనపల్లెలో ఒక మిషన్ ఆస్పత్రి వంటింట్లో చేరి, తల నెరిసేదాకా అక్కడే పనిచేసింది. ఆ రోజుల్లో అక్కడ ఉన్న ఒక విదేశీ డాక్టరమ్మ ఆమెకు మొక్కజొన్న రొట్టె కాల్చడం నేర్పింది. మనం పెనం మీద తట్టే రొట్టె కాదు. పిండిలో పుల్లమజ్జిగ, గుడ్లు, కాస్త బెల్లం, చిటికెడు వంట సోడా కలిపి, నూనె రాసిన ఇనుప బాణలిలో పోసి, కింద బొగ్గులు, మూత మీద బొగ్గులు పెట్టి కాల్చేది. మూత తీస్తే పసుపుపచ్చగా పొంగి, అంచులు ఎర్రగా కరకరలాడుతూ ఉండేది. ఊరిబిండితో, అదే మా వైపు రోటిపచ్చడితో, తింటే రెండు ముక్కలకే కడుపు నిండేది. మిగిలింది నూలుగుడ్డలో చుట్టి మూడు రోజులు ఉంచేది. నాలుగో రోజుకు మిగిలితే ముక్కలు కోసి, పెనం మీద ఎండుగా కాల్చి డబ్బాకెత్తేది. జ్వరం పడి లేచిన వాళ్లకు ఆ ముక్కలను వేడి పాలలో నానబెట్టి పెట్టేది.

ఇదంతా అందరికీ తెలిసిన అత్త. నాకు అర్థం కాని అత్త ఇంకొకామె ఉండేది. గింజలు కొంటే ముందు గుప్పెడు తీసి, ఉప్పుతో కలిపి, ఆరిన గాజు సీసాలో వేసి కాసేపు గిలక్కొట్టేది. ఉప్పు సీసాకు అంటుకుంటే తేమ ఉన్నట్టు. ఆ గింజలు మళ్లీ ఎండలోకి పోయేవి. పిండి వారానికి సరిపడా తప్ప ఆడించేది కాదు. పిండి మర నుంచి రాగానే అరచేతిలో పోసుకుని, కళ్లు మూసుకుని వాసన చూసేది. ఆ కొద్ది సేపు ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. ఇక పొద్దున లేవగానే ఆమె మొదట చేసే పని, కిటికీ దగ్గర అద్దంలో కింది కనురెప్ప లాగి కంటి తెలుపు చూసుకోవడం. "కంట్లో నలుసు పడిందా అత్తా?" అని చిన్నప్పుడు అడిగితే, "లేదు పాపా, ఇంకా లేదు" అనేది. నలుసు గురించే చెబుతోందనుకున్నాను.

పెళ్లయ్యాక నేను కొన్నేళ్లు పుంగనూరులో ఉన్నాను. అక్కడ మా చర్చిలో కోత పండుగకు అత్త రొట్టె ఉండాలని అందరికీ ఆశ. ఒక ఏడాది కోతల సమయంలో వానలు వదలకుండా పట్టుకున్నాయి. పండుగ ముందురోజు మధ్యాహ్నం అత్త బాణలి సంచిలో పెట్టుకుని మదనపల్లె బస్సు దిగింది. మా ఆయన అన్న, మా బావ, తన తోటలో పండిన మొక్కజొన్నలు మూట కట్టి పంపాడు. అత్త మూట విప్పి చెయ్యి లోపలికి పోనిచ్చింది.

"ఈ గింజలు యాడివి?"

"బావ తోటలోవి అత్తా. శుభ్రంగా కడిగి ఎండబెట్టి పంపించినాడు."

ఆమె చెయ్యి ఆగింది. "కడిగినాడా? యాల కడిగినాడు?"

"వానకు రవ్వంత బూజు పట్టిందంట. ఇప్పుడేముంది? సూడు, బంగారం మాదిరి ఉండాయి."

ఆమె గింజలు ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత ఒక గింజను పగలగొట్టి, మొదలు దగ్గర గోటితో గీరి చూసింది. మూట మళ్లీ కట్టేసింది. "ఇది వద్దు. ఎవురికీ వద్దు."

నాకు కోపం వచ్చింది. పాస్టరుగారికి మాట ఇచ్చాను. పొయ్యి దగ్గర బొగ్గులు సిద్ధంగా ఉన్నాయి. "నీకు సాదస్తం ముదిరిపోయింది అత్తా. రొట్టె తిని ఎవురన్నా సచ్చినారా?" అన్నాను.

"సచ్చినారు" అంది అత్త.

వాకిట్లో వాన మొదలైంది. ఆమె మూట పక్కనే నేల మీద కూర్చుంది.

మాది రామకుప్పం దగ్గర పల్లె. మా నాన్నకు, అత్తకు తర్వాత ఒక చెల్లెలు ఉండేదని, అయిదేళ్లప్పుడు కామెర్లతో పోయిందని మాత్రం నేను విన్నాను. అంతకు మించి మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. మిగతాది అత్త అప్పుడు చెప్పింది. ఆ పిల్ల పోయిన ఏడాదీ ఇలాగే కోతలకు వాన పట్టిందట. కంకులు ఇంటి మూలన కుప్ప పోస్తే పచ్చగా బూజు లేచింది. తినడానికి ఇంట్లో వేరే ఏమీ లేదు. మా నాయనమ్మ మంచం పట్టి ఉంది. పదిహేడేళ్ల అత్తే పొయ్యి చూసుకునేది. ఆమె ఆ గింజలను రుద్ది కడిగి, పొయ్యి పైన ఆరబెట్టి, పిండి విసిరి నెల రోజులు రొట్టెలు చేసింది.

"ముందు కుక్క సచ్చిపోయింది పాపా. పాము కరిసిందనుకున్న్యాం. ఆ పిల్లకు రొట్టె అంచులంటే పానం. అందురికీ నడిమి ముక్కలు పెట్టి, అంచులన్నీ దానికే ఇస్తాంటి. ఒక పొద్దు మొగం కడగతా సూస్తే కండ్లు పసుపు మాదిరి ఉండాయి. పసరు పోయించినాము. పొట్ట ఉబ్బింది. మదనపల్లెకు ఎత్తుకోని వచ్చే తలికి మాట పడిపోయింది."

ఆస్పత్రిలో మూడో రోజు ఆ పిల్ల పోయింది. డాక్టరమ్మ అడిగితే మా తాత ఇంటి నుంచి పిండి తెచ్చి చూపించాడు. ఆమె వాసన చూసి, వచ్చీరాని తెలుగులో, "పూడ్చేయండి. కడిగినా పోదు, కాల్చినా పోదు" అందట. చేసింది ఎవరని ఆమె అడగలేదు. అడగకపోయినా అత్త చెప్పింది. డాక్టరమ్మ చాలా సేపు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుని, ఆ తర్వాత వంటింట్లో పని ఇప్పించింది.

"నువ్వూ తిన్న్యావు కదా అత్తా?"

"అందురమూ తిన్న్యాము. నాకూ వస్తాదని పొద్దునే కండ్లు సూసుకుంటా ఉండా."

ఆ సాయంత్రం వాన ఆగాక పెరట్లో గుంట తవ్వించి, ఆ మూట వేసి, మీద సున్నం చల్లించింది. మన్ను కప్పేదాకా అక్కడి నుంచి కదల్లేదు. మర్నాడు చర్చిలో సేమియా పాయసం పంచాం. బావకు చెప్పి పంపితే నవ్వి, తన దగ్గర మిగిలిన గింజలు కోళ్లకు వేశాడు. వారం తిరక్కముందే ఆయన మా ఇంటికి వచ్చాడు. గడప దాటకుండా నిలబడి, "మీ అత్తకు చెప్పమ్మా, కోళ్లన్నీ పోయినాయి" అన్నాడు. ఇంట్లో పిల్లలకు పెట్టాలని అప్పటికే పిండి ఆడించి పెట్టుకున్నాడు. అది ఆ రోజే పారబోశాడు.

అంత భయం పెట్టుకుని ఆ రొట్టే ఎందుకు చేస్తావని ఒకసారి అడిగాను. "నేను మానుకుంటే ఇంకొకరు చేస్తారు. వాళ్లకు వాసన తెలీదు" అంది. ఆ తర్వాత నాకు పట్టుబట్టి నేర్పింది. రొట్టె కాల్చడం ఒక్క రోజులో వచ్చింది. మంచి పిండికీ చెడ్డ పిండికీ తేడా పట్టడానికి రెండు కోతకాలాలు పట్టింది. మంచి పిండి ఎండిన గడ్డి వాసన వేస్తుంది. చెడ్డది తడిసిన గోనెసంచి వాసన. అది కూడా ఎంత సన్నగా వస్తుందంటే, మనసు వేరే చోట ఉంటే తెలియదు.

రెండేళ్ల కిందట ఒక పొద్దున ఆమె నాకు ఫోన్ చేసి, "వచ్చింది పాపా" అంది. నేను ఏమిటని అడగలేదు. స్కానింగు చూసిన డాక్టరు లివరులో గడ్డ అన్నాడు. ఎందుకు వచ్చిందో చెప్పలేమన్నాడు. ఎన్నో ఏళ్ల కిందటి తిండి వల్ల కావచ్చు, కాకపోవచ్చు అన్నాడు. అత్త మాత్రం ఆయన వైపు జాలిగా చూసింది. బయటికి వచ్చాక, "ఇంత ఆలస్యం ఎందుకు చేసిందో" అంది, ఎవరో బంధువు గురించి అడిగినట్టు. ఆమె చెప్పిందే నిజమో, డాక్టరు చెప్పలేనన్నదే నిజమో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆమెను మదనపల్లెలోనే సమాధి చేశాం. ఆమె చేతి రొట్టె తిని కోలుకున్నవాళ్లు చాలామంది వచ్చారు. ఏ జబ్బు చేసినప్పుడు ఆమె ఏం పెట్టిందో చెప్పుకుంటూ నిలబడ్డారు. పాస్టరుగారు, ఈమె చేతి అన్నం తిని ఎవరూ బాధపడలేదని అన్నారు. నేను తల దించుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం కుప్పానికి తిరిగి వస్తున్నాను. పుంగనూరు దాటాక తారురోడ్డు ఒక పక్కంతా మొక్కజొన్నలు ఆరబోసి ఉన్నాయి. బస్సు వేగం తగ్గించి మెల్లగా పోతోంది. పలమనేరు వైపు కొండల మీద మబ్బు నల్లగా దిగింది. ఆరబోసినవాళ్లెవరూ తొందర పడటం లేదు. రోడ్డు వార ఒక ముసలామె ఒక్కతే గింజల మీదికి నీలం పట్టా కొస పట్టుకుని లాగుతోంది. గాలికి అది ఆమె చేతుల్లోంచి లేచి లేచి పడుతోంది. కిటికీ అద్దం మీద ఒక చినుకు పడింది. వెనక్కి తిరిగి చూస్తే, ఆ పసుపుపచ్చటి గింజల మీద అక్కడక్కడా ముదురు మచ్చలు పడుతున్నాయి.