వ్యాను చల్లగా ఉన్నప్పుడు

మా మామకు చెవులు సరిగ్గా వినపడవు. పెళ్ళికి ముందే సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి, వయసంతా మరమగ్గాల మీద గడిపిన మనిషి. సాంచాలని పిలిచే ఆ మగ్గాలు నడిచే షెడ్డులో, ఆ మోతకు, పక్కన నిలబడ్డ వాడితో కూడా చేతి సైగలతోనే మాట్లాడాలి. ఆ పని మానేశాక ఒక పాత పెట్రోల్ వ్యాను కొని, షెడ్ల నుంచి సలాబత్‌పురా దుకాణాలకు బట్ట మూటలు మోశాడు. నడుము నొప్పితో అదీ మానేస్తే వ్యాను నా చేతికొచ్చింది. నేను ఇక్కడి తెలుగు విద్యార్థులకూ డాక్టర్లకూ మధ్యాహ్నం భోజనం డబ్బాలు చేరవేస్తాను.

మామకూ నాకూ మాటలు తక్కువ. మెల్లగా చెబితే ఆయనకు వినపడదు, మామగారి ముందు గొంతెత్తి అరవడానికి నాకు మొహమాటం. ఏదైనా చెప్పాలంటే అత్తకు చెప్పేదాన్ని, ఆమె ఆయన చెవి దగ్గర చెప్పేది. కానీ ఒక పని మాత్రం ఎవరూ అడగకుండానే చేసేవాడు. నేను వంటింట్లో డబ్బాలు సర్దుతుంటే కిందికి దిగి వ్యాను స్టార్ట్ చేసి, ఇంజన్ వేడెక్కేదాకా పక్కనే నిలబడి, తర్వాతే తాళంచెవి నాకిచ్చేవాడు.

ఒకరోజు కామ్‌రేజ్ దారిలో పోతుంటే స్టీరింగు వెనకాల పసుపురంగు ఇంజన్ లైటు వెలిగింది. ఆ తర్వాత వ్యాను పెట్రోలు తాగడం మొదలుపెట్టింది. పొగ ఘాటు ఎంతంటే, డబ్బాకు పెట్రోల్ వాసన వస్తోందని ఒక డాక్టరమ్మ ఫోన్ చేసింది. కామ్‌రేజ్ దగ్గరి మెకానిక్ తన మిషన్ తగిలించి చూసి, ఆక్సిజన్ సెన్సర్ పోయిందన్నాడు. పొగ గొట్టంలో ఉంటుందట అది. కాలిన పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి ఇంజన్‌కు చెబుతుంది, ఇంజన్ దాన్నిబట్టి పెట్రోలు పెంచడమో తగ్గించడమో చేస్తుంది. పాత బండి గనక పాడై ఉంటుందని కొత్తది వేశాడు. లైటు ఆరిపోయింది. వారం తిరగకముందే మళ్ళీ వెలిగింది. మళ్ళీ మార్చాలన్నాడు.

"కొత్తది గింత జల్దీ ఎట్ల పోతది?" అన్నాడు మామ. ఆ ప్రశ్న ఆయన్ను వదల్లేదు.

మా ఆయన హజీరాలో పనిచేస్తాడు. చీకటితోనే కంపెనీ బస్సు ఎక్కుతాడు, వ్యాను చూసే తీరిక ఉండదు. కానీ స్టీరింగు కింద తగిలిస్తే సెన్సర్ లెక్క ఫోన్లో గీతలా చూపించే చిన్న పరికరం ఒకటి తెచ్చిచ్చాడు. అది చదవడం నా వంతయింది. సెన్సర్ మంచిగా ఉంటే ఆ గీత కిందికీ మీదికీ ఎగురుతూ ఉండాలట. పొగలో ఆక్సిజన్ ఎక్కువైతే కిందికి దిగుతుందట. మా వ్యానుది మాత్రం అడుగున పడుకునే ఉంది. మామకు ఫోను చూపించాను. ఆయన కాసేపు చూసి, "జర రేస్ ఇయ్యి" అన్నాడు. తొక్కాను. గీత ఒక్కసారిగా పైకి లేచి, మళ్ళీ కిందికి జారింది.

"లేస్తుందంటే అది బతికే ఉన్నట్టు. సెన్సర్ తప్పు కాదు బిడ్డా. దానికి పొగల ఆక్సిజన్ ఎక్కువ కనవడుతుంది, గంతే. అది గట్లనే చెప్తుంది, ఇంజన్ ఏమో పెట్రోల్ తక్కువైందనుకొని ఇంకింత పోస్తుంది."

ఎందుకు ఎక్కువ కనబడుతోందో మాత్రం ఇద్దరికీ తెలియలేదు. మామ సెన్సర్ వైరు పొడవునా చేత్తో తడిమి చూశాడు. ఎక్కడా తెగలేదు, కాలలేదు. ఆ వైరు కొసనున్న ప్లగ్గు ఊడదీసి తుడిచి మళ్ళీ పెట్టాడు. గీత మారలేదు.

కొన్నాళ్ళకు అత్తా మామా బంధువుల పెళ్ళికి పోయారు. ఆ పొద్దున వ్యాను నేనే స్టార్ట్ చేశాను. టిక్, టిక్, టిక్ అని సీటు కింద నుంచి చప్పుడు. పులుసు మరుగుతుంటే గిన్నె మూత కొట్టుకున్నట్టు. రేస్ ఇస్తే అదీ వేగం పెంచింది. ఏదో విరగ్గొట్టానని భయపడి ఆపేశాను. డబ్బాల వేళ మించిపోతుంటే మళ్ళీ స్టార్ట్ చేసి ఊపిరి బిగబట్టి విన్నాను. ఇంజన్ వేడెక్కేకొద్దీ చప్పుడు సన్నబడి, చివరికి పూర్తిగా మాయమైంది.

సాయంత్రం మామ రాగానే అత్త కోసం ఆగకుండా నేనే గట్టిగా చెప్పాను. ఆయన మంచం అంచున కూర్చుండిపోయాడు.

"రోజు పొద్దుగాల స్టార్ట్ చేసేది నేనే గద. నా ముంగటనే మోగిందా అది?"

"వేడైనంక పోతుంది మామా. మెకానిక్ దగ్గరికి పోయేసరికి బండి కాలుతుంటది, ఆయనకు గూడ వినపడలేదు" అన్నాను. ఆయన తలూపాడు గానీ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

తెల్లారి ఇద్దరం కిందికి దిగాం. మా వ్యానుకు ఇంజన్ ముందు సీటు కింద ఉంటుంది. సీటు ఎత్తి పెట్టాం. మామ ఒక నీళ్ళ పైపు ముక్క తెచ్చి ఒక కొస నా చెవికి పెట్టుకోమన్నాడు, రెండో కొస తాను పట్టుకున్నాడు.

"నేను జరుపుత. నువ్వు ఇని, సైగ చెయ్యి. ఎక్కువైతే చెయ్యి లేపు, తక్కువైతే దించు."

స్టార్ట్ చేశాను. ఆయన పైపు కొసను ఇంజన్ మీదుగా అంగుళం అంగుళం జరుపుతుంటే నేను చెయ్యి ఎత్తుతూ దించుతూ నిలబడ్డాను. ఎదురింటి గుజరాతీ ఆవిడ బాల్కనీలో బట్టలారేస్తూ మమ్మల్నే చూస్తోంది. పొగ గొట్టం ఇంజన్‌ను అంటుకునే చోటికి రాగానే చెవిలో సుత్తితో కొట్టినట్టయింది. చెయ్యి నిటారుగా ఎత్తేశాను.

మామ అక్కడ సబ్బు నురగ పూశాడు. నురగ ఉబ్బి బుడగలై పేలింది. ఆ అతుకు మధ్య పొగ బయటికి పోకుండా ఉండే గ్యాస్కెట్ రేకు కాలిపోయి సందు పడింది. సెన్సర్‌కు ముందే ఉన్న ఆ సందులోంచి పొగ దెబ్బదెబ్బకూ బయటికి తన్నుతోంది, రెండు దెబ్బల మధ్య బయటి గాలి లోపలికి దూరుతోంది. అది చూసే సెన్సర్ ఆక్సిజన్ ఎక్కువుందంటోంది. ఇంజన్ వేడెక్కితే ఇనుము ఉబ్బి సందు సన్నబడుతుంది, చప్పుడు పోతుంది గానీ గాలి దూరుతూనే ఉంటుంది.

"దొరికింది!" అని ఆయన అరిచిన అరుపుకు అత్త మేడ మీద నుంచి పరుగెత్తుకొచ్చింది.

మెకానిక్ గ్యాస్కెట్ మార్చాడు. "నేను వేడి ఇంజనే చూశాను అంకుల్" అని హిందీలో చెప్పి నవ్వేశాడు. గీత ఎగరడం మొదలుపెట్టింది, లైటు మళ్ళీ వెలగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మామ నా పక్కన కూర్చుని, "సప్పుడేమన్న వస్తుందా?" అని అడిగాడు. ఏమీ లేదని చెయ్యి ఊపాను. కొంత దూరం పోయాక తనంతట తానే చెప్పాడు.

"నా చెవిల అయితే ఎప్పుడు సప్పుడే బిడ్డా. పండుకున్నా సాంచ నడుస్తనే ఉంటది. మీ అత్తకు గూడ చెప్పలే. చెప్తే పాపం ఏం జేస్తది?"

ఇన్నేళ్ళూ ఆయన నిశ్శబ్దంలో ఉన్నాడనుకున్నాను. వ్యానును పక్కకు ఆపి, "దవాఖానకు పోదాం మామా" అన్నాను. అరవాల్సి వచ్చింది, అరిచాను.

నా దగ్గర భోజనం తెప్పించుకునే డాక్టర్లలో ఒకాయన చెవుల డాక్టర్ దగ్గరికి పంపించాడు. ఆ మోత పూర్తిగా పోదన్నారు. చెవికి మిషన్ ఇచ్చారు. అది పెట్టుకుంటే మోత కొంచెం వెనక్కి పోతుందని మామ అంటాడు. అత్త సీరియల్ పెట్టగానే మాత్రం తీసి జేబులో వేసుకుంటాడు.

ఇప్పటికీ పొద్దున వ్యాను స్టార్ట్ చేసేది ఆయనే. కాకపోతే ముందు నన్ను కేకేస్తాడు. పిండి చేతులతోనే కిందికి పోయి, ఇంజన్ చల్లగా ఉన్న ఆ కాసేపూ పక్కన నిలబడి విని, బాగానే ఉందని చెప్పి వస్తాను.