కళ్ళు తెరిచిన బొమ్మ

మా పెద్ద చెల్లెలికి ఉన్నది ఒక్కటే ఫొటో, అదీ చనిపోయాక తీసింది. ఆ రోజు అమ్మ సంగారెడ్డి ఆస్పత్రిలో చిన్న చెల్లెల్ని కంటోంది. ఇక్కడ పటాన్‌చెరులో పెద్దది జ్వరంతో పోయింది. పచ్చి బాలింతకు శవాన్ని చూపించకూడదన్నారు మా పెద్దలు. గొప్ప తెలివి! పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి, జడలో కనకాంబరాలు పెట్టి ఫొటో తీయించి, అమ్మ రాకముందే పాతిపెట్టారు. అమ్మ ఆ ఫొటో చూసి ఏడవలేదు. "పండుకున్నది గదా" అంది. ఏళ్ళు గడిచినా అదే మాట. నాకు ఒళ్ళు మండేది, భయమూ వేసేది.

తర్వాత నేను టీచరు ఉద్యోగం కోసం డ్రాయింగ్ పరీక్షకు కట్టాను. నా చేయి మహా మొండిది, కుండ గీస్తే గుమ్మడికాయ అయ్యేది. అమ్మ మాత్రం పట్టుబట్టింది.

"దానికి కండ్లు తెరిపిచ్చి గీయి బిడ్డా. ఒక్కపారి నన్ను సూస్తే సాలు."

ఎన్నిసార్లు గీసినా ఎవరో తెలియని పిల్లే వచ్చేది. డ్రాయింగ్ సారు నా కాగితాలు చూసి నవ్వారు.

"కండ్లను నొసటి మీదికి ఎక్కిచ్చినవేందమ్మా? అవి తల నడుమ ఉంటయి. నువ్వు యాదికున్నది గీస్తున్నవ్, కనబడేది గీయి. ఫొటోను తలకిందులు పెట్టి సూడు."

ఇంటికొచ్చి ఫొటో మీద అడ్డం నిలువు దారాలు చుట్టి తలకిందులు పెట్టాను. అప్పుడది చెల్లెలు కాదు. చెంప దగ్గర ఒక నీడ, ముక్కు దగ్గర ఒక వంపు, అంతే. గడి గడికీ కొలిచి దించాను. తిప్పి చూస్తే, అయ్యో దేవుడా, అదే! నోరు కాస్త తెరుచుకుని, మెడ పక్కకు వాలి, పోయిన పిల్లే.

ఇక కళ్ళు. అవెలా ఉండేవో నాకు గుర్తు లేదు. తోడబుట్టినదాని కళ్ళు! చిన్నదాన్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, దాని కళ్ళు చూసి ఆ ముఖంలో గీశాను.

అమ్మ ఆ బొమ్మను మంచానికి ఎదురుగా గోడకు పెట్టించింది. దానితోనే మాటలు. దువ్వెన పట్టుకుని దాన్నే పిలిచేది, చిన్నది జుట్టు విరబోసుకుని పక్కనే నిలబడి ఉన్నా. ఆ గదిలో నేనే తల వంచుకుని తిరిగేదాన్ని. ఎటు జరిగినా ఆ చూపు నా మీదే ఉన్నట్టుండేది. చివరికి చిన్నది ఆ గడప దాటడమే మానేసింది. బువ్వ మానేసి పుల్లలా అయింది.

ఒక పొద్దున నాన్న కంపెనీకి పోయాక, అది గడప అవతల నిలబడి అడిగింది.

"అమ్మా, నా కండ్లు అక్కకు పెట్టిండ్రు గదా. నేను గూడ సచ్చిపోతే అప్పుడు నన్ను సూస్తవా?"

అమ్మ చేతిలోని దువ్వెన కింద పెట్టింది. లేచి బొమ్మను దించి నా ఒళ్ళో పెట్టింది.

"మూసెయ్ బిడ్డా."

రబ్బరుతో ఆ కళ్ళు చెరిపి, ఫొటో చూసి రెప్పలు గీశాను. రెండో రెప్ప పూర్తికాకముందే అమ్మ చిన్నదాన్ని గుండెకు అదుముకుని పెద్దగా శోకం తీసింది. ఇంటి పక్కవాళ్ళు ఉరికి వచ్చారు.

"ఏమైంది వదినా? ఎవరు పోయిండ్రు?"

"నా పెద్ద బిడ్డ పోయిందమ్మా" అంది అమ్మ.