బక్కమ్మ పళ్లెంల తెల్లటి కుప్ప

రేషన్ దుకాణంల సన్నబియ్యం ఇయ్యవట్టిన నెలనే నర్సింగమ్మకు అన్నం బందయింది. యాభై ఎనిమిదేండ్లు దొడ్డుబియ్యం మింగిన మనిషి. తీరా మంచి బియ్యం ఇంట్లకొచ్చేసరికి ఆశా కార్యకర్త స్వరూప వేలు పొడిచి, మిషన్ల చూసి, "పెద్దమ్మా, షుగరు రెండునూర్ల డెబ్బై ఉంది. ఇగ అన్నం ముట్టకు. జొన్నలు తిను, ఆకుకూర తిను. నెలకల్లా రెండునూర్ల లోపలికి దిగితేనే కంటి ఆపరేషన్‌కు వ్యాన్ ఎక్కించుకుంటరు" అని చెప్పింది.

రెండు కండ్లకూ పొరలొచ్చినయి. ఎదురుంగ వచ్చేదెవరో గొంతు వింటేగాని తెల్వదు. కేతేపల్లిల ఎవరింట్ల ఏం కూరనో పొయ్యి ఆరకముందే తొంగిచూసి పసిగట్టే నర్సింగమ్మకు అంతకంటే పెద్ద శిక్ష లేదు. అందుకే పట్టుబట్టింది. రెండు పూటలా జొన్నరొట్టెనే. పక్కన కూసోని మొగుడు ఐలేశం వేడన్నంల పచ్చిపులుసు పోసుకొని జుర్రుతాంటే మొఖం వాకిలి గోడ దిక్కు తిప్పుకునేది.

తంటా అంతా ఆ గోడతోనే వచ్చింది. అవుతల మరిది పెండ్లాం బక్కమ్మ ఇల్లు. ఆమెకూ షుగరే, ఆమెకూ కంటిపొరనే. మొదటి దినం ఆమె లెక్క రెండునూర్ల అరవై. తనకంటే పది తక్కువ. ఆ పది నర్సింగమ్మకు అప్పుడే గుచ్చుకున్నది.

పగటియాళ్ల బక్కమ్మ వాకిట్ల కూసోని తింటది. నర్సింగమ్మ గోడ మీద గడ్డం ఆనించి చూసింది. మొఖం మసకనే గాని పళ్లెం నిండ తెల్లటి కుప్ప మాత్రం కండ్లకు ఆనింది. మీదికెల్లి సల్ల. తెల్లారి కూడ అంతే. మూడోనాడు కూడ అంతే.

పదిహేను దినాలకు స్వరూప మళ్లా వచ్చింది. నర్సింగమ్మకు రెండునూర్ల ఇరవై, బక్కమ్మకు రెండునూర్ల ఐదు.

"అన్నం కుప్పవోసుకొని తినేదానికి దిగుతది, రొట్టె నమిలి దవడలు నొప్పులొచ్చినదానికి దిగదు" అని ఐలేశం ముందర గొణిగింది.

"ఆమె తినేటప్పుడు తప్ప దినమంతా గొర్ల ఎంబడి ఉంటది. నువ్వు గోడ ఎంబడి ఉంటవ్" అన్నడు ఐలేశం.

నేరుగ బక్కమ్మనే అడగొచ్చు. కాని అడిగితే దినాం చూస్తున్నట్టు తెలిసిపోతది. అందుకని సుట్టు తిప్పి అడిగింది.

"ఏం తింటున్నవే బక్కమ్మ, మంచిగ నిగనిగలాడుతున్నవ్?"

"ఏముందక్కా, ఉన్నదే తింటున్న."

ఆ 'ఉన్నదే' అన్న మాట దాపరికం లెక్క వినిపించింది నర్సింగమ్మకు. ఆమెకు లేని పథ్యం తనకెందుకని తెల్లారే సోలెడు సన్నబియ్యం పొయ్యి మీదికెక్కించింది. మెతుకు మెతుకుకు అంటకుండ విరిసింది అన్నం. పచ్చిపులుసు పోసి మొదటి ముద్ద పెట్టుకుంటే కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఇన్ని దినాలు బక్కమ్మ ఒక్కతే తిన్నదా గిదంతా, అని రెండో ముద్ద ఇంకా పెద్దగ కలిపింది. వ్యాన్ వచ్చేదాక పది దినాలు అట్లనే తిన్నది.

వ్యాన్ బడి ముందర ఆగింది. బక్కమ్మకు నూటడెబ్బై. నర్సింగమ్మకు రెండునూర్ల తొంభై.

"ఏం తిన్నవ్ పెద్దమ్మా?" అన్నది స్వరూప, మిషన్ మళ్లా ఒకసారి చూసి.

"నన్నొక్కదాన్నే అడుగుతవేంది? బక్కమ్మ తినలేదా పళ్లెం నిండ అన్నం? నా కండ్లతోని చూసిన."

బక్కమ్మ వ్యాన్ మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. "అన్నమెక్కడిది అక్కా? గట్క. తెల్లజొన్నలు ఇసిరి, రవ్వ వండుకొని సల్లల తింటున్న. అడిగితే నీకింత పెడుదు గదా."

పక్కనున్నోళ్లు నవ్వు ఆపుకున్నరు. నర్సింగమ్మ కొంగు సవరించుకొని, మళ్లా వ్యాన్ ఎప్పుడొస్తదని మెల్లగ అడిగింది. నెలకు అన్నది స్వరూప.

నాలుగోనాడు బక్కమ్మ నల్లద్దాలు పెట్టుకొని వచ్చింది. వారం దాటినంక ఒక పగటియాళ్ల నర్సింగమ్మ వాకిట్ల గట్క తింటాంటే గోడ మీద నీడ వడ్డది.

"అక్కా, గట్క జర పలుచగైనట్టుంది."

"మంచిగనే ఉంది."

"మరి దాని కింద గా మెతుకులెవరియి?"

నర్సింగమ్మ పళ్లెంకు చెయ్యి అడ్డం పెట్టింది. ఉన్నయి, ఒక పిడికెడు. ఐలేశం గిన్నెల మిగిలినయే. కాని గోడ అవుతలికెల్లి, నల్లద్దాల వెనుకకెల్లి, గట్క కిందున్న మెతుకు కనబడ్డదంటే దాని కన్ను ఎంత మంచిగొచ్చి ఉండాలె.

"కోళ్లకు తీసిపెట్టిన" అన్నది.

బక్కమ్మ కదలలేదు. ఆమె చూస్తుండంగనే నర్సింగమ్మ వేళ్లతోని తడుముకుంట ఆ మెతుకులన్నీ ఏరి వాకిట్లకు ఇసిరింది.

"ఇంకొకటి ఉందక్కా, ఎడమదిక్కు" అన్నది బక్కమ్మ.